గాలి దారి: డాలస్ ఎంత దూరమండీ?

ముప్పై ఒక్క ఏళ్లు విమానాలకు దారి గీశాను. నడపలేదు, గీశాను. ఫ్లైట్ డిస్పాచర్ అంటారు ఆ ఉద్యోగాన్ని. ఏ దారిన వెళ్లాలి, ఎంత ఇంధనం పోయాలి, ఎదురుగాలి ఎంత, దిగాల్సిన చోట పొగమంచు ఉంటే ఇంకెక్కడ దిగాలి... ఇవన్నీ కాగితం మీద పెట్టి పైలట్ చేత సంతకం పెట్టించుకోవడం నా పని. బేగంపేటలో మొదలుపెట్టి, 2008 మార్చిలో సామాను సర్దుకుని శంషాబాద్ వెళ్లి, అక్కడే రిటైరయ్యాను. ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల్లో ఈసారి సగానికి సగం అమెరికా ప్రయాణాల గురించే. అందులోనూ డాలస్. ఎండాకాలం సెలవులు కదా, అమ్మానాన్నలు బయలుదేరే రోజులు. మొదటి ఉత్తరం ఇది.

మావారు ఇరిగేషన్ శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా రిటైరయ్యారు. అబ్బాయి డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాడు. జూన్‌లో దోహా మీదుగా వెళుతున్నాం. మావారు హాల్లో ఉన్న ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి కొలిచి, హైదరాబాద్ నుంచి డాలస్ 19,600 కిలోమీటర్లని తేల్చారు. అబ్బాయి 14,420 అంటాడు. ఇంకోచోట 8,960 అని ఉంది, మరోచోట 7,786. టికెట్ చూస్తే తెల్లవారుజాము 4 గంటలకు బయలుదేరి అదే రోజు సాయంత్రం 4:15కి దిగుతామని ఉంది. అంటే ప్రయాణం పన్నెండుంబావు గంటలేనా? వారం రోజులుగా ఇంట్లో ఇదే గొడవ. మీరు ఎవరి పక్షం?
— ఒక గృహిణి, తణుకు

అమ్మా, నేను మీ అబ్బాయి పక్షం. కానీ మీవారు కొలవడంలో తప్పు చేయలేదు. నేనూ లెక్క వేసి చూశాను. ఆ పటం మీద భూమధ్యరేఖ దగ్గరి స్కేలుతో కొలిస్తే సరిగ్గా 19,600 చిల్లరే వస్తుంది. డ్రాఫ్ట్స్‌మన్ చెయ్యి కదా, మిల్లీమీటరు తేడా రాలేదు. తప్పంతా పటానిది.

మీ గోడ మీదున్నది మెర్కేటర్ పద్ధతి పటం. 1569లో గెరార్డస్ మెర్కేటర్ ఓడలు నడిపేవాళ్ల కోసం గీసిన పద్ధతి. అందులో ఉత్తరానికి పోయేకొద్దీ భూమిని సాగదీస్తారు. గ్రీన్‌లాండ్ చూడండి, ఆఫ్రికా అంత కనిపిస్తుంది. నిజానికి ఆఫ్రికాలో పద్నాలుగు గ్రీన్‌లాండ్‌లు పడతాయి. అలా సాగిన చోట సాగని స్కేలు పెట్టి కొలిస్తే దూరం పెరగక ఏమవుతుంది? మీవారు గీసిన గీత ఒమన్, సౌదీ, సహారా ఎడారి, అట్లాంటిక్ సముద్రం దాటి డాలస్ చేరుతుంది. ఆ గీత వెంటే నిజంగా నేలమీద నడిస్తే అయ్యేది 17,670 కిలోమీటర్లు. అంటే స్కేలు వల్ల వచ్చిన తేడా దాదాపు రెండు వేలు. మిగతా తేడా, అసలు తేడా, ఆ గీతదే. అది దగ్గరి దారి కాదు.

దీన్ని నమ్మించాలంటే ఉత్తరం చాలదు, పుచ్చకాయ కావాలి. సంతకెళ్లి గుండ్రటి పుచ్చకాయ ఒకటి తెండి, చారలున్నది. ముచ్చిక ఉత్తర ధ్రువం. చారలు రేఖాంశాలు. నడుము చుట్టూ స్కెచ్ పెన్నుతో గీత గీస్తే భూమధ్యరేఖ. ఆ నడుము నుంచి ముచ్చిక దాకా ఐదు వాటాలు వేసుకుని, ఒక వాటా పైన చుక్క పెట్టండి. అది హైదరాబాద్. ఇప్పుడు కాయను వెనక్కి తిప్పండి. పూర్తిగా వెనక్కి. హైదరాబాద్ 78.4 డిగ్రీల తూర్పున ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర. రెండూ కలిపితే 175 దాటింది. 180 అయితే సరిగ్గా వీపు వెనకాల ఉన్నట్టు. ఆ వెనక వైపున, నడుము నుంచి ముచ్చికకు మూడో వంతు కంటే కాస్త పైన ఇంకో చుక్క పెట్టండి. అది డాలస్. ఇప్పుడు పూలు గుచ్చే దారం తీసుకుని ఈ చుక్క నుంచి ఆ చుక్కకు బిగించి లాగండి. నడుం పక్కనుంచి పెట్టి చూడండి, దారం జారి పైకి పోతుంది. అది ఆగేది ముచ్చిక పక్కన.

మీవారికి చెప్పండి, బిగిసిన దారానికి అబద్ధం తెలియదని. ఆ దారం పొడవే 14,420 కిలోమీటర్లు. గుండ్రటి వస్తువు మీద రెండు చుక్కల మధ్య అంతకంటే దగ్గరి దారి ఉండదు. దీన్నే మహావృత్తం దారి అంటారు.

ఈ హైదరాబాద్-డాలస్ జత నాకు భలే ఇష్టం. లెక్క ప్రకారం విమానం శంషాబాద్‌లో లేవగానే అమెరికా పడమరన ఉంది కదా అని పడమరకు తిరగకూడదు. ముక్కు ఉత్తరానికి పెట్టాలి, ఐదు డిగ్రీలు మాత్రమే ఎడమకు వంచి. దాదాపు ఢిల్లీ నెత్తిమీదుగా వెళ్లి, మధ్య ఆసియా, రష్యా దాటి, ఉత్తర ధ్రువానికి ఐదొందల చిల్లర కిలోమీటర్ల దగ్గరగా పోయి, కెనడా మీదుగా టెక్సాస్‌కి దక్షిణం ముఖం పెట్టి దిగాలి. పోనీ సరదాకి సరిగ్గా ధ్రువం మీదుగానే పోదామంటే అదనంగా అయ్యేది ఇరవై కిలోమీటర్లు. శంషాబాద్ ఎయిర్‌పోర్టు నుంచి మెహదీపట్నం వచ్చినంత! ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి జతలు వెతుక్కుంటూ రాత్రి డ్యూటీలు గడిపేవాణ్ని. మా ఆవిడ దీన్ని పిచ్చి అనేది.

ఇక 8,960, 7,786 అన్నవి వేరే దూరాలు కావు. మొదటిది మామూలు మైళ్లు, రెండోది నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు 1.852 కిలోమీటర్లు. అక్షాంశంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక భాగమంత. ఓడలవాళ్ల దగ్గర నుంచి మాకు వచ్చింది. ఫ్లైట్ ప్లాన్ అంతా అందులోనే ఉంటుంది. ఇంటికి పాలు లీటర్లలో తెచ్చి, డ్యూటీలో ఇంధనం టన్నుల్లో రాసి, దూరం నాటికల్ మైళ్లలో, ఎత్తు అడుగుల్లో చెప్పే బతుకు మాది.

అయితే మీరు ఆ దారం వెంట వెళ్లడం లేదు, దోహా మీదుగా వెళుతున్నారు. హైదరాబాద్ నుంచి దోహా 2,910 కిలోమీటర్లు. దోహా నుంచి డాలస్ ఇంచుమించు 12,750. కలిపి 15,660. దారం కంటే 1,240 ఎక్కువ. విమానం వేగంతో గంటన్నర పని కూడా కాదు. మరీ అంత చుట్టేమీ కాదు, చూశారా! దుబాయ్ మీదుగా అయితే ఇంకో రెండొందలు తగ్గుతుంది. అంతమాత్రానికి టికెట్ మార్చుకోకండి.

ఇప్పుడు గంటల సంగతి. టికెట్ మీద బయలుదేరే టైము హైదరాబాద్ గడియారానిది, దిగే టైము డాలస్ గడియారానిది. రెండు గడియారాలు తీసుకుని తీసివేత చేస్తే ప్రయాణం రాదమ్మా. జూన్‌లో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక. మీ పన్నెండుంబావుకు పదిన్నర కలపండి: 22 గంటల 45 నిమిషాలు. ముక్కలుగా చూసినా అంతే రావాలి. దోహాకు నాలుగున్నర, అక్కడ కూర్చోవడం రెండు గంటలు, అక్కడి నుంచి పదహారుంబావు. కూడి చూసుకోండి. వాళ్లు నవంబర్ మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు, మళ్లీ మార్చి రెండో ఆదివారం ముందుకు. చలికాలంలో వెళ్లేవాళ్లు పదిన్నర బదులు పదకొండున్నర కలుపుకోవాలి.

ఇంకో మాట. 4 గంటలకు బయలుదేరుతుంది అంటే 4 గంటలకు గాల్లోకి లేస్తుందని కాదు. చక్రాలకు పెట్టిన అడ్డు తీసి, విమానం గేటు దగ్గర నుంచి కదిలే టైము అది. దిగే టైము కూడా అవతల గేటు దగ్గర ఆగేది. ఈ మధ్య కాలాన్ని మేము బ్లాక్ టైమ్ అంటాం. అందులో నేలమీద పాకడానికే అటూ ఇటూ కలిపి అరగంట పోతుంది. కాబట్టి నాలుగుంబావుకి కూడా విమానం ఇంకా నేలమీదే ఉందేమిటని మీవారు వాచీ చూసి ఎయిర్‌హోస్టెస్‌ని అడగకుండా చూసుకోండి.

మా ఆవిడతో నేను వెళ్లినప్పుడు జరిగింది చెప్పి ఈ ఉత్తరం ముగిస్తాను. దోహాలో ఎక్కి ఓ కునుకు తీసి లేచింది. సీటు ముందున్న తెర మీద బొమ్మ విమానం ఐస్‌లాండ్ దాటి గ్రీన్‌లాండ్ వైపు పోతోంది. "ఏమండీ, ఇదేమిటి మంచు దేశాల్లోకొచ్చాం, దారి తప్పాడేమో అడగండి" అంది. ముప్పై ఒక్క ఏళ్లు కాపురం చేసింది నాతో! దోహా-డాలస్ దారం కూడా 64 డిగ్రీల ఉత్తరం దాకా ఎక్కి దిగుతుంది. వేసవి కాబట్టి కిటికీలోంచి తెల్లటి మంచు కొండలు కనిపించాయి. తర్వాత రెండు గంటలు నిద్రపోలేదు ఆవిడ, కిటికీ వదల్లేదు. మీరు కిటికీ సీటు అడిగి తీసుకోండి. మోకాళ్ల నొప్పులుంటే మాత్రం నడవా పక్క సీటే మేలు.

భూమి పడమర నుంచి తూర్పుకి గంటకు 1,600 కిలోమీటర్ల వేగంతో తిరుగుతోంది. విమానం హైదరాబాద్ మీద లేచి గాల్లో కదలకుండా ఆగితే పన్నెండు గంటల్లో అమెరికానే దాని కిందికి రావాలి కదా? మరి దోహా నుంచి డాలస్ వెళ్లేటప్పుడు పదహారు గంటలు పట్టి, వచ్చేటప్పుడు పద్నాలుగున్నరే పట్టడం ఏమిటి? ఉల్టా ఉంది.
— ఇంటర్ విద్యార్థి, కరీంనగర్

బాబూ, కరీంనగర్ నుంచి సికింద్రాబాద్ బస్ స్టేషన్ జేబీఎస్‌కి వచ్చే బస్సులో ఈగ ఎగురుతుంటుంది చూశావా? బస్సు ఎనభై మీద పోతున్నా ఈగ వెళ్లి వెనక అద్దానికి కొట్టుకోదు. బస్సులోని గాలి బస్సుతో పాటే వస్తోంది, ఈగ ఆ గాలిలో ఉంది. మనం ఆ ఈగలం. భూమి ఒక్కటే తిరగడం లేదు, గాలినంతా వెంటబెట్టుకుని తిరుగుతోంది. శంషాబాద్‌లో నిలబడిన విమానం కూడా భూమితో పాటు గంటకు 1,600 వేగంతో తూర్పుకు పోతూనే ఉంది. లేచిన తర్వాత ఆ వేగం ఎక్కడికీ పోదు. హెలికాప్టర్ గాల్లో ఆగితే కింద మారేది ఏమీ ఉండదు, పెట్రోలు తప్ప.

అయితే నువ్వు ఉల్టా అన్నావు చూడు, అది మంచి ప్రశ్న. కారణం పైనుండే గాలి. భూమి తిరుగుడుకీ దానికీ దగ్గరి చుట్టరికమే. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్లు తిరుగుతుంటే, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగమే తిరుగుతుంది. అక్కడ చుట్టుకొలతే సగం కదా. వేడికి పైకి లేచిన గాలి ఉత్తరానికి పోతూ తన పాత వేగాన్ని కొంత మోసుకుపోతుంది. కింద నేల మెల్లగా, పైన గాలి జోరుగా. అందుకే తొమ్మిది నుంచి పన్నెండు కిలోమీటర్ల ఎత్తులో పడమర నుంచి తూర్పుకి ఏరులాగా గాలి పారుతుంది. జెట్ స్ట్రీమ్ అంటారు. చలికాలంలో అది గంటకు 200, 300 కిలోమీటర్లు కూడా దాటుతుంది. విమానాలు తిరిగేది సరిగ్గా ఆ ఎత్తులోనే.

దీన్ని 1920లలోనే జపాన్‌లో ఓయిషి వాసబురో అనే శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేసి కనిపెట్టాడు. లోకమంతా చదవాలని, అన్ని దేశాలవాళ్లకూ ఒకే భాష ఉండాలని కల్పించిన ఎస్పెరాంతోలో అచ్చు వేయించాడు. దాంతో ఎవ్వరూ చదవలేదు! తర్వాత రెండో ప్రపంచ యుద్ధంలో బాంబర్ విమానాలు ఎదురుగాలికి ముందుకు పోలేక అవస్థ పడినప్పుడు గానీ మిగతా వాళ్లకు తెలిసిరాలేదు.

ఇక లెక్క చేద్దాం. దోహా-డాలస్ 12,750 కిలోమీటర్లు అనుకున్నాం. గాలిలేని రోజున విమానం గంటకు 890 పోతుందనుకో. 14 గంటల 20 నిమిషాలు. దారంతా కలిపి సగటున 80 కిలోమీటర్ల ఎదురుగాలి ఉంటే నేలతో పోలిస్తే వేగం 810కి పడిపోతుంది: 15 గంటల 44 నిమిషాలు. నేలమీద పాకే అరగంట కలిపితే పదహారుంబావు. వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి 40 తోసినా 930 అవుతుంది: 13 గంటల 43 నిమిషాలు. అరగంట కలిపితే పద్నాలుగుంబావు. ఆలస్యమైతే మాట పడకుండా కంపెనీ ఇంకో పావుగంట ముందే కలుపుకుంటుంది. నేను కూడా కలిపేవాణ్ని. గోదావరికి ఎదురీదడం, వాలున పోవడం లాంటిదే. రెండు రేవుల మధ్య దూరం అంతే.

నేను గాలికి 80, 40 అని సగటు వేశాను గానీ, నిజానికి డిస్పాచర్ చేసేది గాలి నుంచి తప్పించుకునే పని. వెళ్లేటప్పుడు ఏరు ఎక్కడ పారుతోందో చూసి దానికి పైకో కిందికో జరిపి గీస్తాం. వచ్చేటప్పుడు అదే ఏటిలో దింపుతాం. దూరం మూడొందల కిలోమీటర్లు పెరిగినా టైము తగ్గితే ఆ దారే మంచిది. అందుకే అదే నంబరు విమానం సోమవారం ఒక దారిలో, మంగళవారం ఇంకో దారిలో వెళుతుంది. 2020 ఫిబ్రవరిలో సియారా తుఫాను వచ్చినప్పుడు బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కి 4 గంటల 56 నిమిషాల్లో వచ్చేసింది. మామూలుగా ఏడు గంటల దాకా పడుతుంది. ఆ రోజు ఆ దారి గీసినవాణ్ని తల్చుకుంటే నాకిప్పటికీ అసూయే.

మా గన్నవరం సంగతి వదిలేయండి, కనీసం హైదరాబాద్ నుంచైనా డాలస్‌కి డైరెక్ట్ ఫ్లైట్ ఎందుకు లేదు? మనవాళ్లు అక్కడ అంతమంది ఉన్నారు కదా!
— ఒక వ్యాపారి, విజయవాడ

విమానం పోలేక కాదండీ. సింగపూర్ నుంచి న్యూయార్క్‌కి 15,300 కిలోమీటర్లు, పద్దెనిమిది గంటల పైచిలుకు, రోజూ పోతోంది. మన 14,420 దానికంటే తక్కువే. కానీ ఆ విమానంలో సీట్లు ఎన్నో తెలుసా? 161. బిజినెస్ క్లాసు 67, ప్రీమియం ఎకానమీ 94. మామూలు ఎకానమీ ఒక్కటీ లేదు. ఎందుకంటే ఇంత దూరంలో ఇంధనాన్ని మోయడానికే ఇంధనం కావాలి. పెద్ద విమానం లేచే బరువులో నలభై శాతం దాకా ఇంధనమే ఉండే ప్రయాణాలివి. చివరి గంటలో కాలబోయే టన్నుల ఇంధనాన్ని మొదటి పదిహేను గంటలూ మోస్తూ తిరగాలి. అలా మోయడానికే ఇంకొంత ఇంధనం కాలుతుంది. ఖర్చు రాబట్టాలంటే ఖరీదైన సీట్లే అమ్మాలి. మనవాళ్లు కొనేది ఎకానమీ, తీసుకెళ్లేది మనిషికి రెండు 23 కిలోల పెట్టెలు, అందులో సగం ఆవకాయ, కారప్పొడులు. మీరూ వ్యాపారస్తులే, మీకు చెప్పాలా?

దానికి తోడు శంషాబాద్ సముద్ర మట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం నలభై దాటిన ఎండలో గాలి పలచబడి రెక్కకు పట్టు దొరకదు. రన్‌వే నాలుగు కిలోమీటర్ల పైన ఉంది కాబట్టి సరిపోయింది గానీ, అంత ఇంధనంతో లేవాలంటే చల్లబడ్డ తర్వాతే మంచిది.

చికాగోకి ప్రయత్నం జరిగింది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి నేరుగా నడిపింది, దాదాపు 13,290 కిలోమీటర్లు. కొన్నాళ్లకు ఆగిపోయింది. అదే నెలలో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి బెంగళూరుకు కెప్టెన్ జోయా అగర్వాల్ నాయకత్వంలో అందరూ మహిళలే ఉన్న పైలట్ బృందం ఉత్తర ధ్రువం మీదుగా విమానం తెచ్చింది. ఆ రాత్రి నేను రిటైరైన మనిషిని, అయినా ఫోన్లో దాని జాడ చూస్తూ కూర్చున్నాను.

ఇప్పుడున్న అసలు చిక్కు నేలమీది గొడవలు. పైన చెప్పిన దారాన్ని గుర్తు తెచ్చుకోండి. ఢిల్లీ దాటగానే పాకిస్తాన్, ఆ తర్వాత రష్యా. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ తన ఆకాశంలోకి మన విమానాలను రానివ్వడం లేదు. 2022 నుంచి రష్యా తన ఆకాశంలోకి అమెరికా విమానాలను రానివ్వడం లేదు. అంటే మన కంపెనీకి మొదటి గేటు మూత, వాళ్ల కంపెనీకి రెండో గేటు మూత. హిమాలయాల మీదుగా తూర్పుకు జరుగుదామంటే టిబెట్ పీఠభూమి. అక్కడ విమానంలో గాలి ఒత్తిడి పోతే వెంటనే పది వేల అడుగులకు దిగాలి, కింద నేలే అంతకంటే ఎత్తు. ఇలా పక్కకు జరుగుతూ పోతే 14,420 కాస్తా దోహా లెక్కకు వచ్చేస్తుంది. అప్పుడిక డైరెక్ట్‌కి అర్థం లేదు.

ధ్రువం దగ్గర అంత చలికి ఇంధనం గడ్డకట్టదా?
— ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం

మన దగ్గర పోసే జెట్ ఎ-1 రకం మైనస్ 47 డిగ్రీలకు గడ్డకడుతుంది. అమెరికాలో పోసే జెట్ ఎ మైనస్ 40కే. బయట గాలి మైనస్ 60, 70 ఉన్న రోజులుంటాయి. రెక్కల్లోని ట్యాంకు మెల్లమెల్లగా చల్లబడుతుంది, పైలట్ ముందు దాని ఉష్ణోగ్రత చూపే అంకె ఉంటుంది. హద్దు దగ్గరకొస్తే కాస్త కిందికి దిగి వెచ్చటి గాలిలోకి వెళతారు, లేదా వేగం పెంచుతారు. వేగం పెరిగితే గాలి రాపిడికి రెక్క వెచ్చబడుతుంది. ఇంధనం కంటే నాకు పైలట్‌తో మాట కలవడమే బెంగగా ఉండేది. 82 డిగ్రీల ఉత్తరం దాటితే భూమధ్యరేఖ మీద నిలబడ్డ ఉపగ్రహాలకు విమానం అందదు. పాతకాలపు హెచ్‌ఎఫ్ రేడియోలో గురగురల మధ్య మాట్లాడుకోవాల్సి వచ్చేది.

దోహాలో గంటా పది నిమిషాల గ్యాప్ ఉన్న టికెట్ చవగ్గా వస్తోంది. ఎనిమిది గంటల గ్యాప్ ఉన్నది ఆరు వేలు ఎక్కువ. అమ్మానాన్నలకు ఏది తీసుకోను?
— ఒక ఉద్యోగిని, నిజామాబాద్

రెండూ వద్దమ్మా. రెండున్నర, మూడు గంటలది వెతకండి. గంటా పది నిమిషాల్లో మీరైతే పరుగెత్తగలరు, మీ నాన్నగారు పరుగెత్తలేరు. పైగా అమెరికా విమానం ఎక్కేముందు గేటు దగ్గర ఇంకోసారి కాగితాలు, సంచులు చూస్తారు. ఒకసారి నాకూ ఇలాగే జరిగింది, ఏ ఊళ్లో, ఏ కంపెనీ అన్నది అనవసరం. మొదటి విమానం నలభై నిమిషాలు ఆలస్యం. నేను గేటు దగ్గరికి చేరేసరికి తలుపు మూశారు. అద్దంలోంచి విమానం కనిపిస్తోంది, నా పేరు మీదున్న సీటు అందులో ఉంది. వృత్తిలో అంతకాలం ఉండి గంట గ్యాప్ టికెట్ కొన్నందుకు నన్ను నేను తిట్టుకుంటూ పద్నాలుగు గంటలు కుర్చీలో కూర్చున్నాను. టికెట్ రెండు ముక్కలూ ఒకే పీఎన్ఆర్ మీద ఉంది కాబట్టి తర్వాతి విమానంలో ఊరికే ఎక్కించారు. విడివిడిగా కొని ఉంటే ఇంకో టికెట్ కొనుక్కోవాల్సి వచ్చేది. కాబట్టి ఒకే పీఎన్ఆర్, అది ముఖ్యం.

అమెరికాలో ఏ ఊళ్లో మొదట దిగితే ఇమిగ్రేషన్ అక్కడే. న్యూయార్క్‌లో దిగి డాలస్‌కి మారేట్టు కొంటే పెద్దవాళ్లు అక్కడే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ ఇవ్వాలి. దోహా నుంచి నేరుగా డాలస్‌లో దిగితే ఆ బాధ ఒక్కసారే, అదీ బయట మీవాళ్లు నిలబడి ఉన్న ఊళ్లో. వీల్‌చెయిర్ టికెట్ కొన్నప్పుడే అడగండి. నాన్నగారు నాకెందుకే అంటారు. అడగండి.

డాలస్ నుంచి వచ్చేటప్పుడు సోమవారం రాత్రి 7 గంటలకు ఎక్కి బుధవారం తెల్లవారుజామున 2:30కి హైదరాబాద్‌లో దిగుతున్నాను. మంగళవారం ఏమైంది బాబూ? నాకు మంగళవారం ఆంజనేయస్వామి ఉపవాసం. నలభై ఏళ్లలో తప్పలేదు.
— ఒక పెద్దమ్మగారు, రాజమండ్రి

పెద్దమ్మగారూ, మంగళవారం ఎక్కడికీ పోలేదు, మొత్తం విమానంలోనే ఉంది. డాలస్‌లో సోమవారం రాత్రి ఏడు అంటే వేసవిలో మన గడియారం ప్రకారం మంగళవారం పొద్దున ఐదున్నర. మీరు సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకునేసరికి రాజమండ్రిలో కోడి కూసింది. అక్కడి నుంచి దోహాకు పద్నాలుగున్నర గంటలు, దోహాలో రెండున్నర, ఇంటికి నాలుగు, మొత్తం 21 గంటలు. తెల్లవారుజాము నుంచి అర్ధరాత్రి దాకా మన మంగళవారమంతా ఆకాశంలోనో, దోహా కుర్చీలోనో గడిచిపోతుంది. మీరు తూర్పుకు, సూర్యుడికి ఎదురు వస్తారు కాబట్టి రాత్రి తొందరగా తెల్లారిపోతుంది. కిటికీ చూసి ఉపవాసం విడవకండి, వాచీ మన టైముకే ఉంచుకోండి.

కష్టమల్లా ఒక్కటే. విమానంలో వాళ్లకు మీ ఉపవాసం తెలియదు. లేచిన గంటకే ట్రే తెస్తారు, దిగేముందు ఇంకోటి తెస్తారు. పళ్లు తీసుకునే ఉపవాసమైతే, బయలుదేరడానికి 24 గంటల ముందే మీ మనవడి చేత 'ఫ్రూట్ ప్లాటర్' అని భోజనం మార్పించండి. అందరికంటే ముందు మీకే తెచ్చిపెడతారు.